కదలని గాలి, కదిలే గాలి

ఏమ్మా చిట్టీ, రాత్రి పదైనా మేడమీద గది కాగుతూనే ఉందని దిగొచ్చేశావా? రా, ఈ నులకమంచం మీద కూర్చో. ఆ సెగ మధ్యాహ్నం ఎండదే. స్లాబు పొద్దంతా ఎండ తాగుతుంది. 5 అంగుళాల కాంక్రీటు దాటి వేడి కిందికి దిగేసరికి గంటలు పడుతుంది. బయట చల్లబడే వేళకి మన నెత్తిన కుంపటి మొదలు.

నా చిన్నప్పటి తాటాకింట్లో ఈ బాధ లేదు. ఆకు మీద ఆకు కప్పితే మధ్యలో బోలెడు గాలి చిక్కుకుపోతుంది. కదలని గాలి వేడిని మహా బద్ధకంగా మోస్తుంది. కాంక్రీటు దానికి 50 రెట్లకు పైగా చురుకు! థర్మోకోల్ చూడు, అందులో నూటికి 95 పాళ్లకు పైగా గాలే. అలాగని మళ్లీ తాటాకు కప్పమనను. ఒక్క నిప్పురవ్వకి వరసగా ఇళ్లు బూడిదవడం నాకింకా కళ్లల్లో ఉంది. స్లాబు మీద తెల్లగా పూత వేయిస్తే చాలు, పడిన ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే.

ఏసీ పెట్టి అన్నీ మూసేస్తే పోదా అంటావా? అక్కడే నాకు బెంగ. మన ఇళ్లలో గోడకి పెట్టే ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో ఉన్నదాన్నే తిప్పితిప్పి చల్లబరుస్తుంది. మనం వదిలే ఊపిరిలో నూటికి సుమారు 4 పాళ్లు బొగ్గుపులుసు వాయువు. ఆరుబయట అది పది లక్షల పాళ్లకి 420 చిల్లర. బిగించిన గదిలో ముగ్గురు పడుకుంటే తెల్లారేసరికి 2000 దాటడం మామూలే. లేచేసరికి తల దిమ్ముగా ఉంటే ముందు ఆ గదిని అనుమానించు.

ఇంకోటి, మీ అక్కకీ చెప్పు. బాలింతకి వెచ్చగా ఉండాలని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టనే కూడదు. ఆ బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పాతకాలం మేస్త్రీలు గోడ పైఅంచున వెంటిలేటరు ఊరికే పెట్టలేదమ్మా. వేడిగాలి తేలిక, పైకెక్కి అందులోంచి పోతుంది. కింద కిటికీలోంచి చల్లగాలి వస్తుంది. ఎండవేళ కిటికీలు చేరవేసి, పొద్దుగూకాక బార్లా తెరవాలి.

పద, మేడెక్కుదాం. తూర్పు కిటికీ, పడమటి కిటికీ రెండూ తీద్దాం. దోమలకి జాలీ ఉందిగా. దుమ్మొస్తోందని వెంటిలేటరుకి ఎవరో అట్టముక్క అంటించారు, దాన్ని పీకేస్తాను. నువ్వు స్టూలు గట్టిగా పట్టుకో.