బిజినెస్ చదవాలనుకునే పిల్లలు మొదటి సెమిస్టర్‌లో ఏ కోర్సులు తీసుకోవాలి?

జూన్, జూలై వచ్చాయంటే అమెరికాలో మన ఇళ్ళల్లో ఒకటే హడావిడి. ఓరియెంటేషన్, డార్మ్ సామాన్లు, మధ్యలో కోర్సుల రిజిస్ట్రేషన్. మూడేళ్ళ క్రితం మా అబ్బాయి విషయంలో నేను చేసిన పొరపాటు ఇంకెవరూ చేయకూడదని ఇది రాస్తున్నాను.

వాడికి నేరుగా బిజినెస్ స్కూల్లో సీటు రాలేదు. ‘ప్రీ-బిజినెస్’గా చేరాడు. అంటే మొదటి ఏడాది వాళ్ళు చెప్పిన కోర్సులు పూర్తిచేసి, మంచి జీపీఏతో అదే యూనివర్సిటీలో మళ్ళీ అప్లై చేసుకోవాలి. సీటు వస్తే సగం గెలిచినట్టే అనుకునే ఎంసెట్ కాలం మనిషిని, నాకిది తలకెక్కలేదు. త్వరగా అయిపోతే ఫీజు మిగులుతుందని 18 క్రెడిట్లు తీసుకోమన్నాను. ఏపీ కాలిక్యులస్‌లో 4 వచ్చింది కదా అని ఇంజనీరింగ్ పిల్లలు చదివే కాలిక్యులస్-2 పెట్టించాను. అందులో ‘సి’ వచ్చింది. బిజినెస్‌కి ఆ కోర్సే అక్కర్లేదని తర్వాత తెలిసింది!

లెక్క చూడండి. డిగ్రీకి సాధారణంగా 120 క్రెడిట్లు, ఎనిమిది సెమిస్టర్లు. అంటే సెమిస్టర్‌కి 15 చాలు. మూడేసి క్రెడిట్ల కోర్సులు ఐదు తీసుకుని నాలుగింట్లో ‘ఏ’, ఒక్కదాంట్లో ‘సి’ వస్తే జీపీఏ 4.0 నుంచి 3.6కి దిగిపోతుంది. పోటీ ఎక్కువున్న బిజినెస్ స్కూళ్ళలో ఆ తేడాతోనే సీటు చేజారవచ్చు.

మొదటి సెమిస్టర్‌కి మామూలుగా సరిపోయేవి ఇవి: ఇంగ్లీష్ రైటింగ్, మైక్రో ఎకనామిక్స్, బిజినెస్ స్కూల్ అడిగిన మ్యాథ్ (చాలాచోట్ల బిజినెస్ కాలిక్యులస్ లేదా స్టాటిస్టిక్స్), ఇంట్రో టు బిజినెస్, ఇష్టమైన ఒక జనరల్ ఎడ్యుకేషన్ కోర్సు. అకౌంటింగ్ చాలాచోట్ల రెండో ఏడాదిలోనే వస్తుంది, తొందర అక్కర్లేదు. ఏపీ స్కోరుకి ఏ కోర్సు మినహాయింపు ఇస్తారో ఒక్కో యూనివర్సిటీది ఒక్కో పద్ధతి. రిజిస్ట్రేషన్‌కి ముందే అడ్వైజర్‌ని అడగాలి.

కోర్సు మరీ కష్టంగా ఉంటే మొదటి ఒకటి రెండు వారాల్లో రికార్డులో పడకుండా మార్చుకోవచ్చు. తర్వాత గడువులోపు మానేస్తే ‘డబ్ల్యూ’ పడుతుంది కానీ జీపీఏ తగ్గదు. అయితే 12 క్రెడిట్ల కిందికి దిగితే స్కాలర్‌షిప్ పోవచ్చు. హెచ్-4 నుంచి ఎఫ్-1కి మారిన పిల్లలైతే ఇంటర్నేషనల్ ఆఫీసు అనుమతి లేకుండా అలా దిగితే వీసా స్టేటస్‌కే ముప్పు.

ఇంకో సంగతి. కాలేజీలో చేరాక పిల్లల గ్రేడ్లు యూనివర్సిటీ మనకి చెప్పాల్సిన పనిలేదు. కష్టంగా ఉందని మావాడికి అక్టోబర్‌లోనే తెలుసు, నేనేమంటానో అని చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉంటే ‘డబ్ల్యూ’తో బయటపడేవాడు. నాకు డిసెంబర్‌లో తెలిసింది. బిజినెస్ స్కూల్లో సీటు రాలేదు. ఇప్పుడు ఎకనామిక్స్ చదువుతున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ వాడు కోరుకున్నది అది కాదు.

ఈ ఏడాది మా అమ్మాయి వంతు. కోర్సులు తనే ఎంచుకుంది, 15 క్రెడిట్లు. నేను అడిగింది ఒక్కటే: "కష్టమనిపిస్తే ముందు నాకు చెప్పమ్మా, తిట్టను."