మెయిల్‌బాక్స్‌లో ఉన్నది ఉత్తరం కాదు

మెయిల్‌బాక్స్ అనగానే మనకు ఈ-మెయిలే గుర్తొస్తుంది. నేను చెప్పబోయేది రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఒక టాస్కు మరో టాస్కుకి కబురంపే మెయిల్‌బాక్స్ సంగతి.

జీన్ లబ్రోస్ 1992లో వెలువరించిన మైక్రోసీ/ఓఎస్‌కి తర్వాతి రూపమైన మైక్రోసీ/ఓఎస్-2నే తీసుకుందాం. అందులో మెయిల్‌బాక్స్‌కి ఒక్కటే అర. అందులో పట్టేది ఒక్క పాయింటరు. పంపే టాస్కు "పోస్ట్" చేస్తుంది. అందుకునేది "పెండ్" చేసి, కబురు వచ్చేదాకా నిద్రపోతుంది. ఇంతసేపే ఆగుతానని గడువు కూడా పెట్టుకోవచ్చు. ఇంటరప్ట్ రొటీన్ పోస్ట్ చెయ్యొచ్చు గానీ పెండ్ చెయ్యకూడదు. దానికి నిద్రపోయే హక్కు లేదు మరి! అర నిండి ఉంటే కొత్త కబురును తిప్పికొడుతుంది.

ఇంత సులువైనదాంట్లో ఇబ్బందేమిటంటారా? కొన్నేళ్ళ క్రితం ఇక్కడ అమెరికాలో ఒక కంపెనీలో, రోగులకు మందు ఎక్కించే పంపు మీద పనిచేశాను. పరీక్షల్లో నాలుగైదు రోజులకోసారి, ట్యూబు బాగానే ఉన్నా, మూసుకుపోయిందని అలారం మోగేది. ఉత్తుత్తి అలారాలకు అలవాటుపడ్డ నర్సు అసలుదాన్నీ నొక్కేస్తే?

తప్పు నాదే. సెన్సర్ టాస్కు ప్రతిసారీ ఒకే బఫర్లో రీడింగు రాసి, దాని పాయింటరును పోస్ట్ చేసేది. అంటే కవర్లో ఉన్నది ఉత్తరం కాదు, ఇంటి నెంబరు! అలారం టాస్కు ఆ ఇంటికి వెళ్ళేసరికి లోపల సామాను మారిపోతోంది. మాది 16 బిట్ల ప్రాసెసర్, రీడింగు 32 బిట్లు. రెండు విడతల్లో చదవాలి. 65535లోని కింది సగం చదివాక, ప్రయారిటీ ఎక్కువున్న సెన్సర్ టాస్కు మధ్యలో దూరి 65536 రాసిందనుకోండి. పై సగం కొత్తది వస్తుంది. రెండూ కలిస్తే 131071, అంటే దాదాపు రెట్టింపు!

మూడు బఫర్లతో గండం గడిచింది: చదివేవాడి చేతిలో ఒకటి, మెయిల్‌బాక్స్‌లో ఒకటి, రాసేవాడి దగ్గర ఒకటి. పోస్ట్ ఫలిస్తేనే తర్వాతి బఫరుకి వెళ్ళాలి. అర నిండి ఉంటే తన చేతిలో ఉన్నదాంట్లోనే మళ్ళీ రాసుకోవాలి. కాబట్టి పోస్ట్ ఇచ్చే జవాబును తప్పక చూడాలి.

ఒక్క కబురు కూడా పోకూడదంటే మెయిల్‌బాక్స్ వద్దు, క్యూ వాడండి. ఫ్రీఆర్‌టాస్‌లో క్యూ డేటానే కాపీ చేస్తుంది కాబట్టి ఈ చిక్కు రాదు. అయితే అక్కడ కూడా మీరు పాయింటరునే పంపారో, మళ్ళీ మొదటికే వస్తారు!