బొంత ముక్కలు ఒకే కొలతలో కత్తిరించడం ఎలా: పాత ఏటీఎం కార్డుతో రూలర్ గైడ్

ఈ ఎపిసోడ్‌లో కోడింగ్ లేదు, ఫోన్ రివ్యూ లేదు. బట్ట కత్తిరించడం గురించి మాట్లాడుకుందాం. అందులోనూ అతుకుల బొంత కోసం. ఇదేంట్రా బాబూ అని స్క్రోల్ చేసేయకండి. ఇందులో మన ఇంజినీరింగ్ చదువు మొత్తం దాక్కుని ఉంది.

టేబుల్ మీద ఆరు నూలు చీరలు కనిపిస్తున్నాయి కదా. ఇవి మా కంకిపాడులో మా పక్కింటి పిన్నిగారివి. ఆవిడవి కూడా కాదు, వాళ్ళ అమ్మగారివి. ఆ పెద్దావిడ ఇప్పుడు లేరు. చీరలన్నీ ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి. కట్టుకుంటే చిరిగిపోయేలా ఉన్నాయి, పారేయడానికి మనసు రాదు. అందుకని ఆరు చీరల నుంచీ ముక్కలు తీసి ఒక బొంత కుట్టిద్దాం అనుకున్నారు. కత్తిరించే పని నాకు అప్పజెప్పారు.

షాపులో కొన్న బట్ట అయితే తేడా వస్తే ఇంకో మీటరు తెచ్చుకుంటాం. ఈ చీర ఇంకోటి దొరకదు. కాబట్టి కత్తెర పెట్టేముందే లెక్క తేలాలి.

ముందు లెక్క చూద్దాం

కుట్టాక ఒక్కో ముక్క 5 ఇంచుల చదరం కావాలి. నాలుగు వైపులా కుట్టు కోసం పావు ఇంచు చొప్పున వదలాలి. అంటే కత్తిరించే కొలత 5½ ఇంచులు. అడ్డంగా 12 ముక్కలు, నిలువుగా 16 వరసలు వేస్తే 60 ఇంచుల వెడల్పు, 80 ఇంచుల పొడవు వస్తుంది. ఒక మనిషికి హాయిగా సరిపోతుంది. మొత్తం 192 ముక్కలు. ఆరు చీరలు కాబట్టి చీరకి 32.

చీర పన్నా సుమారు 44, 45 ఇంచులు ఉంటుంది. అంచులు తీసేస్తే ఒక అడ్డపట్టీకి 7 ముక్కలు వస్తాయి. ఐదు పట్టీలు తీస్తే 35. ఐదు పట్టీలంటే 27½ ఇంచులు, అంటే గజం కూడా కాదు. చీరలో బాగా మిగిలిన చోటు చూసి అంతవరకే తీసుకుంటే చాలు. మిగతా చీర మడతపెట్టి బొంత లోపల పొరగా వాడుకోవచ్చు, లేదా మళ్ళీ పెట్టెలోకే వెళ్ళిపోవచ్చు. ఈ లెక్క చెప్పాకే పిన్నిగారి మొహంలో కాస్త భయం తగ్గింది. చీర మొత్తం ముక్కలైపోతుందని ఆవిడ అనుకున్నారు.

అసలు సమస్య ఎక్కడ?

ఒక ముక్క ఇంచులో పదహారో వంతు పెద్దగా వచ్చిందనుకోండి. అది 1.6 మిల్లీమీటర్లు. కంటికి ఆనదు. కానీ ఒక వరసలో 12 ముక్కలూ అలాగే వస్తే ముప్పావు ఇంచు పెరుగుతుంది. పై వరస ఇలా పెరిగి, కింది వరస అంతే తగ్గితే రెండిటి మధ్య తేడా ఇంచున్నర. ఆ రెండు వరసలూ కలిపి కుట్టడానికి ఒకదాన్ని లాగాలి, ఇంకోదాన్ని ముడతలు పెట్టాలి. బొంత పరుచుకోదు, మధ్యలో పొంగుతుంది.

మామూలుగా మనం కొలిచి కత్తిరిస్తే అన్నీ ఒకేవైపు తప్పవు. కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవి వస్తాయి. బీటెక్‌లో ప్రాబబిలిటీ గుర్తుందా? అటూ ఇటూ వచ్చే తప్పులు కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 12 ముక్కల మీద మొత్తం తేడా సుమారు పావు ఇంచుకి కాస్త లోపే ఉంటుంది. అయితే బాగానే ఉందిగా అంటారా? లేదు. వరస మొత్తం పొడవు దగ్గరగా వచ్చినా, మధ్యలో అతుకులు ఎక్కడివక్కడ జరుగుతాయి. పై వరసలో అతుకు ఇక్కడ, కింద అతుకు కాస్త పక్కన. నాలుగు ముక్కల మూలలు కలవాల్సిన చోట కలవవు. అతుకుల బొంతలో ముందు కన్ను పడేది అక్కడే.

ఇప్పుడు ఇంకో రకం చూడండి. 192 ముక్కలూ రెండు వైపులా సరిగ్గా అంతే తేడాతో, పదహారో వంతు పెద్దవిగానే వచ్చాయనుకోండి. బొంత మొత్తం ముప్పావు ఇంచు వెడల్పు పెరుగుతుంది, పొడవు ఇంచు పెరుగుతుంది. అంతే. ప్రతి మూలా కలుస్తుంది. ఎవ్వరూ కనిపెట్టలేరు.

ఈ ఎపిసోడ్‌లో ఒక్కటి గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి. కొలత కాస్త తప్పినా ఫరవాలేదు, అన్ని ముక్కలకీ ఒకేలా తప్పాలి. 192 సార్లు జాగ్రత్తగా కొలవడం మనవల్ల కాదు. ఒక్కసారి కొలిచి, ఆ కొలతనే 192 సార్లు వాడాలి. ప్రోగ్రాంలో ఒక విలువని పాతిక చోట్ల టైప్ చేయకుండా పైన ఒకచోట పెట్టి అన్నిచోట్లా దాన్నే పిలుస్తాం కదా, అదే పద్ధతి.

ముక్క మీద ముక్క పెట్టి కత్తిరిస్తే?

చాలామంది ఇలాగే చేస్తారు. మొదటి ముక్క పెట్టి రెండోది, రెండోది పెట్టి మూడోది. ఇది ప్రమాదం. చాక్ గీత ఎప్పుడూ ముక్కకి బయటే పడుతుంది. ఒక్కో కాపీకి అర మిల్లీమీటరు పెరిగినా పదో కాపీకి 5 మిల్లీమీటర్లు. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తే అక్షరాలు పాడైనట్టే. ముక్క పెట్టే గీయాలంటే గట్టి అట్ట ముక్క ఒకటి చేసుకుని, ప్రతిసారీ దాన్నే వాడండి.

అంతకంటే మంచిది రూలర్ గైడ్. స్కేలు అడుగున ఒక చిన్న అడ్డు ఉంటుంది. బట్ట అంచు వెళ్ళి ఆ అడ్డుకి తగిలి ఆగుతుంది. అక్కడి నుంచి స్కేలు రెండో అంచు దాకా ఎప్పుడూ ఒకటే దూరం. కన్నుతో గీత చూడక్కర్లేదు, వేలికి తగిలితే చాలు. మందపాటి స్కేలు మీద గీతని పక్క నుంచి చూస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా కనిపిస్తుంది, అలా మోసపోయే అవకాశం కూడా ఉండదు. క్విల్టింగ్ చేసేవాళ్ళకి ఇవి రెడీమేడ్‌గా దొరుకుతాయి. మనం ఇంట్లోనే చేద్దాం.

గైడ్ తయారీ

అక్రిలిక్ నేమ్ బోర్డులు చేసేవాళ్ళ దగ్గర 3 మిల్లీమీటర్ల మందం ఉన్న పారదర్శకమైన షీటు, 6½ ఇంచుల వెడల్పు, 24 ఇంచుల పొడవుతో మిషన్ మీద కట్ చేయించుకోండి. 24 ఎందుకంటే, చీర పన్నాని మధ్యకి ఒక మడత పెడితే 22, 22½ ఇంచులు వస్తుంది. స్కేలు ఆ చివర నుంచి ఈ చివర దాకా అందాలి.

అడ్డు కోసం గడువు తీరిన ఏటీఎం కార్డు తీసుకోండి. ఏ బ్యాంకు కార్డయినా మందం 0.76 మిల్లీమీటర్లే, అది అంతర్జాతీయ ప్రమాణం. రెండు మూడు పొరల నూలు బట్ట ఆగడానికి సరిపోతుంది, స్కేలు ఒకవైపు లేచిపోదు. ఇంచు కంటే తక్కువ వెడల్పుతో పొడవుగా రెండు ముక్కలు కోయండి. చిప్, నంబర్ ఉన్న భాగం ముక్కలు చేసి పారేయండి.

ఇప్పుడు స్టీలు స్కేలుతో అక్రిలిక్ రెండు చివర్లా 5½ దగ్గర గుర్తు పెట్టి, సన్నటి మార్కర్‌తో గీత కలపండి. గీతకి ఆనించి కార్డు ముక్కలు రెండూ డబుల్ సైడ్ టేపుతో అతికించండి. గీతకీ స్కేలు అవతలి అంచుకీ మధ్య 5½ ఉండాలి. కార్డులు గీతకి బయట ఉండాలి, లోపల కాదు. ఖాళీ ఉన్న చోట అక్కడక్కడా సాండ్ పేపర్ చిన్న ముక్కలు అతికిస్తే స్కేలు బట్ట మీద జారదు.

బట్ట మీదకి వెళ్ళే ముందు పాత న్యూస్‌పేపర్ మీద ఒక పట్టీ తీసి పై చివరా, కింది చివరా కొలవండి. రెండు చివరలూ సమానంగా ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం. ఒకవైపు 5½, ఇంకోవైపు 5 ఇంచుల 5/8 వస్తే అడ్డు వంకరగా ఉందని అర్థం. పీకి మళ్ళీ అతికించండి.

బట్ట సిద్ధం చేయడం

పాత చీరలు ఎన్నో ఉతుకులు చూసినవి కాబట్టి ఇక ముడుచుకోవు. కొత్త నూలు బట్ట కలుపుతుంటే ముందు ఉతికి ఆరబెట్టండి, లేకపోతే కుట్టాక ఆ ముక్కలు మాత్రమే కుంచించుకుపోతాయి. తరవాత గంజి. అవును, అన్నం గంజే. పల్చగా పెట్టి, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. ఇస్త్రీ పెట్టెని ఈడ్చకుండా ఎత్తి ఎత్తి అద్దండి, ఈడిస్తే మెత్తటి బట్ట సాగిపోతుంది. గంజి పట్టిన చీర కాగితంలా నిలబడుతుంది. స్కేలు కింద జరగదు.

పడుగు దారాల వెంట బట్ట తక్కువ సాగుతుంది, పేక వెంట కొంచెం ఎక్కువ, క్రాస్‌గా లాగితే బాగా సాగుతుంది. అందుకే ముక్క నాలుగు వైపులూ దారాల వెంటే ఉండాలి. మన పక్కనే ఉన్న పెడన కలంకారీ లాంటి చేతి అచ్చు బట్ట అయితే ఇంకాస్త జాగ్రత్త. అచ్చు చేత్తో వేసింది కాబట్టి డిజైన్ గీతలు దారాలతో కచ్చితంగా కలవాలని లేదు. డిజైన్ చూసి కాదు, దారం చూసి కత్తిరించండి. దారం కనపడకపోతే అడ్డంగా ఒక పేక దారం లాగండి, సన్నటి గాడి పడుతుంది. అదే మీ గీత.

కత్తిరింపు

ఒకటి: చీరని అంచు మీద అంచు వచ్చేలా మధ్యకి మడవండి. మడత చదునుగా ఉండాలి.

రెండు: స్కేలుని తిరగేయండి, అడ్డు పైకి వస్తుంది. పొట్టి అంచుని మడతకి ఆనించి, పొడుగు అంచు వెంట బట్ట చివర సరిచేసి కత్తిరించండి. స్కేలు మూల 90 డిగ్రీలు ఉందో లేదో ఏ4 కాగితం మూలతో చూసుకోవచ్చు. ఇది తేడా వస్తే పట్టీ విప్పినప్పుడు మడత దగ్గర విల్లులా వంగి ఉంటుంది.

మూడు: స్కేలుని మామూలుగా పెట్టి, అడ్డు బట్ట అంచుకి తగిలేదాకా జరపండి. రెండో అంచు వెంట కత్తిరించండి. ఒక పట్టీ అయింది. ఇలా ప్రతి మూడు నాలుగు పట్టీలకీ ఒకసారి మళ్ళీ 90 డిగ్రీలు సరిచూడండి.

నాలుగు: పట్టీని అడ్డంగా తిప్పి, చీర అంచు తీసేసి, అదే గైడ్‌తో ముక్కలు తీయండి. మడత మీద ఉంది కాబట్టి మూడు కోతలకి ఆరు ముక్కలు, మడత దగ్గర మిగిలినది విప్పితే ఏడోది.

రోటరీ కట్టర్ ఉంటే పని వేగంగా అవుతుంది. పిజ్జా కోసే చక్రంలా గుండ్రటి బ్లేడు. 1979లో జపాన్‌లోని ఓల్ఫా కంపెనీ దీన్ని తెచ్చింది, ఆ తర్వాత ప్రపంచమంతా క్విల్టింగ్ చేసే పద్ధతే మారిపోయింది. కింద కటింగ్ మ్యాట్ తప్పనిసరి. ఎప్పుడూ ఒంటికి దూరంగా తోయండి, స్కేలు మీద వేళ్ళు అంచుకి లోపల పెట్టండి, పక్కన పెట్టగానే బ్లేడు మూసేయండి. అది నిజంగా చాలా పదును.

కట్టర్ లేకపోయినా ఫరవాలేదు. గైడ్ పెట్టి పదునైన చాక్‌తో సన్నగా గీసి, కత్తెరతో కత్తిరించండి. గీత మీద కోస్తే అన్నీ గీత మీదే, లోపల కోస్తే అన్నీ లోపలే. కత్తెర కింది బ్లేడు టేబుల్‌ని వదలకూడదు. బట్టని పైకి ఎత్తితే పొరలు జరుగుతాయి.

మూడు ముక్కల పరీక్ష

అన్నీ కత్తిరించేయకండి. ముందు పనికిరాని బట్టలో మూడు ముక్కలు తీసి, పావు ఇంచు కుట్టుతో వరసగా కలిపి, ఇస్త్రీ చేసి, మధ్య ముక్కని కొలవండి. 5 ఇంచులు రావాలి. కాస్త తక్కువ వస్తే గైడ్‌ని అనుమానించకండి. కుట్టు దగ్గర బట్ట మడత తిరిగేటప్పుడు ఒకటి రెండు దారాల మందం తినేస్తుంది. కుట్టుని పావు ఇంచు కంటే ఒక దారం లోపలికి తగ్గించి మళ్ళీ చూడండి. సరిపోయిన చోట మిషన్ ప్లేటు మీద, సూదికి కుడివైపు, రెండు మూడు పొరల టేపు అతికించేయండి. బట్ట దానికి ఆని వెళ్తుంది. కత్తిరించేటప్పుడు ఒక అడ్డు, కుట్టేటప్పుడు ఒక అడ్డు. మధ్యలో మన కంటి అంచనాకి పనే లేదు.

ఈ పరీక్ష పాసైన తరవాతే చీరల మీద స్కేలు పెట్టండి. ఇంకొక్క మాట, 192 కాదు, 200 ముక్కలు తీయండి. ఎక్కడైనా చిరుగు బయటపడితే అదే చీర ముక్క చేతిలో ఉంటుంది. ముక్కల్ని చీరవారీగా దారంతో కట్టి పెట్టుకోండి, వరసలు పేర్చేటప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

రంగులు ఎలా పేర్చాలో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. మీ గైడ్ ఫోటోలు పంపండి. పేపర్ పట్టీ రెండు చివరలా ఎంత వచ్చిందో కూడా రాయండి. ఉంటాను.