కడుపులో పుండుకు చిల్లు పడితే

కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల పల్లెల్లో ఎందరో ఆడవాళ్లు బీడీలు చుడతారు. పొద్దంతా వంగి కూర్చుంటే నడుము గుంజుతుంది. దుకాణంలో నొప్పి గోలీలు కొనుక్కొని వేసుకుంటారు. డాక్టరును అడగకుండా రోజూ ఇలా వేసుకుంటే కడుపులో పుండు పడవచ్చు. ఆ పుండు లోతుకు పోయి చిల్లు పడవచ్చు.

చిల్లు పడితే నొప్పి ఒక్కసారిగా వస్తుంది.

"కడుపుల కత్తి దించినట్టున్నది బిడ్డా!" అంటుంది అత్త.

పొట్ట చెక్కలాగ గట్టిపడుతుంది. కదలలేదు.

"వాయువు పట్టింది, సోడా తాపుండ్రి" అంటారు ఇరుగుపొరుగువాళ్లు.

తాపవద్దు. అన్నం, నీళ్లు కూడా ఇవ్వవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఆపరేషన్ చేసే డాక్టరు ఉన్న పెద్ద దవాఖానకు పోవాలి. కొన్ని గంటలకు నొప్పి తగ్గినట్టు అనిపించవచ్చు. దాన్ని నమ్మి ఆగవద్దు. లోపల విషం పాకుతూ ఉంటుంది.

దవాఖానలో ఎక్స్-రే తీస్తారు. చిల్లులోంచి బయటపడ్డ గాలి చాలామందికి అందులో కనబడుతుంది. సెలైన్ ఎక్కిస్తారు. సూదులు ఇస్తారు. తరువాత మత్తు ఇచ్చి ఆపరేషన్ చేస్తారు. దీనికి రెండు పద్ధతులు ఉన్నాయి.

మొదటిది, కోత ఆపరేషన్. పొట్ట మధ్యలో నిలువుగా కోస్తారు. ఇది పాత పద్ధతి.

రెండవది, చిన్న రంధ్రాల ఆపరేషన్. దీన్నే లాప్రోస్కోపీ అంటారు. పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్లు కొన్ని ఇట్లనే చేస్తారు. పొట్టకు మూడు నాలుగు చిన్న రంధ్రాలు పెడతారు. లోపలికి గాలి నింపుతారు. ఒక రంధ్రంలోంచి కెమెరా పంపి, టీవీలో చూస్తూ పని చేస్తారు. పుండు చిల్లుకు ఈ పద్ధతి 1990 నుంచి వచ్చింది.

లోపల చేసే పని మాత్రం ఒక్కటే. చిల్లు మూస్తారు. పేగుల మీద పరదాలాగ ఉండే కొవ్వు పొరను దాని మీద అతుకుగా వేస్తారు. పొట్టంతా శుభ్రం చేస్తారు.

మరి ఏది మంచిది? చిన్న రంధ్రాలైతే నొప్పి తక్కువ. గాయం చీము పట్టడం తక్కువ. కానీ అందరికీ పనికిరాదు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు, బీపీ పడిపోయినవాళ్లకు, చిల్లు పెద్దగా ఉన్నవాళ్లకు కోతే మేలు కావచ్చు. పరికరాలు, అనుభవం ఉన్న డాక్టరు కూడా ఉండాలి. రంధ్రాలతో మొదలుపెట్టి మధ్యలో కోతకు మారవచ్చు. అది డాక్టరు తప్పు కాదు, రోగి ప్రాణం కోసమే. చిన్న రంధ్రాల ఆపరేషన్ కావాలని ఊర్లు తిరిగి పొద్దు గడపవద్దు. ఎంత ఆలస్యమైతే ప్రాణానికి అంత ముప్పు.

ఇంటికి వచ్చినాక పని అయిపోలేదు. పుండ్లకు ఒక క్రిమి కూడా కారణమని 1982లో ఆస్ట్రేలియా డాక్టర్లు కనిపెట్టారు. 2005లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. క్రిమి ఉందో లేదో పరీక్ష చేయించాలి. ఉంటే, డాక్టరు చెప్పినన్ని రోజులు మందులు వాడాలి. మధ్యలో ఆపవద్దు. బీడీ, చుట్ట తాగవద్దు. డాక్టరును అడగకుండా నొప్పి గోలీ వేసుకోవద్దు.

దవాఖానకు పోయేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్ కార్డు వెంట తీసుకుపోవాలి. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేస్తారా అని అక్కడ అడగాలి. వేసుకున్న గోలీల అట్ట కూడా డాక్టరుకు చూపాలి.