మీకు తెలుసా? మాట రాకముందే వేలు అడుగుతుంది
కె.గంగవరం అరుగుల మీద రోజూ కనిపించేదే: మామ్మ చంకలోని ఏడాది బిడ్డ అరటిగెల వైపు వేలు చూపి "ఊఁ" అంటుంది. "ఏంటి బంగారం, పండు కావాలా?" అంటూ మామ్మ ఆ కోరికకు మాటలు అందిస్తుంది. ఇటలీ పసిపిల్లల్ని గమనించిన ఎలిజబెత్ బేట్స్ బృందం ఈ వేలి భాష గురించి 1975లోనే రాసింది.

మాటలు వచ్చాక తెలుగు బిడ్డకు మరో వెసులుబాటు ఉంది. నాకు కావాలి, తమ్ముడికి కావాలి... కోరిక ఎవరిదైనా క్రియ మారదు!

ఎదుటివారి ఇష్టం వేరని తెలియడానికి మాత్రం సమయం పడుతుంది. పరిశోధకులు రెపాచోలీ, గోప్నిక్ 1997లో ప్రచురించిన ప్రయోగంలో ఒకామె బ్రకోలీ తనకిష్టమన్నట్టు మొహం పెట్టింది. తర్వాత ఆమె తినడానికి అడిగితే, 14 నెలల పిల్లలు ఎక్కువగా తమకు నచ్చిన బిస్కెట్లే ఇచ్చారు; 18 నెలలవాళ్లు బ్రకోలీ అందించారు. అందుకే, తాను కొరికిన జంతికనే తాతయ్య నోట్లో పెట్టే పసివాణ్ణి దయచేసి కసరకండి.