ఎండల్లో అహోబిలం కొండదారి

పిల్లలకు సెలవులిచ్చారంటే మనకు యాత్రలు గుర్తొస్తాయి. "అహోబిలం వెళ్దాం, అడవి కదా, చల్లగా ఉంటుంది" అనుకుంటాం. ఆ చల్లదనం సంగతే ఇవాళ మాట్లాడుకుందాం.

అహోబిలం నంద్యాల జిల్లాలో, నల్లమల కొండల్లో ఉంది. నల్లమల చాలావరకు ఆకురాల్చే అడవి. నేలలో తడి ఆరిపోయేసరికి, ఉన్న కాస్త నీరూ ఆకుల గుండా ఆవిరై పోకుండా చెట్లు ఆకులు దులిపేసుకుంటాయి. టేకు మోడై నిలబడుతుంది. అంటే మనం నీడ కోరి వెళ్ళే నెలల్లోనే అక్కడ నీడ ఉండదన్నమాట! మే నెలలో నంద్యాల ప్రాంతంలో 43, 44 డిగ్రీలు కొత్త కాదు. కాగిన బండలు పొద్దువాలినా సెగలు కక్కుతూనే ఉంటాయి.

ఎగువ అహోబిలం దాకా బస్సు వెళుతుంది. అక్కణ్ణించి జ్వాలా నరసింహస్వామి గుడికి భవనాశిని వాగు వెంట మెట్లూ రాళ్ళూ ఎక్కుతూ నడవాలి. ఆపైన ఉగ్రస్తంభం మరీ నిటారు. వాగుంది కదా అని నీళ్ళు మోసుకెళ్ళడం మానకండి, ఎండాకాలంలో అది చిక్కిపోతుంది.

ఇక అసలు మాట. ప్రయాణమంటే మనం నీళ్ళు తాగం. ఎందుకో మీకు చెప్పనక్కర్లేదు, దారిలో మరుగు దొరకదని. పైగా దర్శనమయ్యేదాకా ఉపవాసం. ఉన్న సీసా పిల్లలకూ ఆయనకూ ఇచ్చి, మిగిలితే మనం గొంతు తడుపుకుంటాం. కొండమీద ఇది చెల్లదు. ఒంటిని చల్లబరిచేది చెమట. లోపల నీళ్ళుంటేగాని చెమట పట్టదు. అవసరమైతే తోటివాళ్ళు చీర అడ్డం పడతారు, అందులో తప్పేముంది? ప్రహ్లాదుణ్ణి కాచినవాడు మనం గ్లాసెడు మజ్జిగ తాగామని కోపగించుకోడు లెండి!

చెమటతో ఉప్పు కూడా పోతుంది. ఓఆర్‌ఎస్ పొట్లం దగ్గరుంచుకోండి. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో 6 చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలగొట్టి కొలిచి కలపండి. బి.పి., గుండె జబ్బు, కిడ్నీ బాధ ఉన్నవాళ్ళు ముందుగా డాక్టరునడగాలి.

తల తిరిగి, వాంతి వచ్చినట్టుంటే అక్కడే ఆగి నీడలో కూర్చోవాలి. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతూ ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. ఒళ్ళంతా తడిపి విసరాలి, వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పొయ్యకూడదు.

ఎండకు భయపడి చీకటితోనే బయల్దేరకండి. ఇప్పపూలకూ తునికి పళ్ళకూ ఎలుగుబంట్లు తిరిగే కాలమిది. బాగా వెలుగు వచ్చాక, దారి తెలిసిన స్థానికుణ్ణి తోడు పెట్టుకుని, పదిమందితో కలిసి కదలండి. ఎండ ముదిరేలోగా కిందికి దిగిపోవాలి.

ఎండుటాకుల్లో పొయ్యి రాజేసి వంట మొదలెట్టకండి, ఒక్క నిప్పురవ్వ చాలు. చింతపండు పులిహోర రాత్రే కలిపి పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా నిలుస్తుంది. పెరుగన్నం ఆ ఎండకు పులిసిపోతుంది. డబ్బా మాత్రం మూతి కట్టిన గుడ్డసంచిలో పెట్టండి. అక్కడి కోతులకు మనకన్నా ముందే ఆకలేస్తుంది!