పెద్ద టైర్లు వేశాక మా జీపు మిట్ట ఎక్కనంది: పోయిన లాగుడు తిరిగి ఎలా వచ్చిందంటే

ఈసారి జీవామృతం గురించి కాదు, దాన్ని మోసే బండి గురించి. పోయిన వీడియోలో వెనకాల నిలబెట్టిన పాత డీజిల్ జీపు చూసి, "అంత పెద్ద టైర్లతో మిట్ట ఎక్కుతుందా అన్నా?" అని చాలామంది అడిగారు. ఇప్పుడు ఎక్కుతుంది. మధ్యలో ఒక ఏడాది మాత్రం ఎక్కలేదు.

మా మామిడి తోట మదనపల్లె దగ్గర ఒక గుట్ట వాలులో ఉంది. ఆవులేమో కింద ఊళ్లో. ఎకరాకు 200 లీటర్ల లెక్కన జీవామృతం పైకి పోవాలి. నీళ్లు, పేడ, మూత్రం, బెల్లం, పిండి అన్నీ కలిస్తే ఒక్కో డ్రమ్ము దగ్గర దగ్గర 220 కిలోలు. ట్రిప్పుకు రెండు డ్రమ్ములు. వానలకు దారి కోసుకుపోయి, వెనక ఇరుసు మధ్యలోని గుండు రాళ్లకు తగలడం మొదలైంది. అందుకని 6.00-16 టైర్లు తీసేసి 7.50-16 వేయించాను. రిమ్ములు కూడా వెడల్పువి మార్చాల్సి వచ్చింది. ఇంతా చేస్తే పెరిగిన ఎత్తు మూడున్నర సెంటీమీటర్లు.

బండి చూడ్డానికి భలే ఉండింది. మొదటి లోడుకే తెలిసొచ్చింది. ఎప్పుడూ సెకండ్ గేరులో ఎక్కే మిట్ట మీద సగం దూరం పోయి ఇంజను కొట్టుకోవడం మొదలుపెట్టింది. నా బండిలో ఫస్ట్ గేరు పడాలంటే బండి పూర్తిగా ఆగాలి. ఆపాను. బ్రేకు తొక్కితే నిలవలేదు, మెల్లగా వెనక్కి జారింది. వెనకాల డ్రమ్ములు పట్టుకుని నిలబడిన మా బామ్మర్ది దూకి, చక్రం కింద రాయి పెట్టాడు. ఒక డ్రమ్ము దొర్లి పోయింది, అది పోతే పోయింది. రాయి దొరక్కపోయుంటే కింద బావి ఉంది.

తర్వాత నేను చేసిన తప్పు చెప్తాను. ఒక షెడ్డులో "డీజిల్ పంపు కొంచెం పెంచితే చాలు" అన్నారు, సరే అన్నాను. నల్ల పొగ వచ్చింది, ఇంజను వేడెక్కింది, డీజిల్ ఖర్చు పెరిగింది, లాగుడు మాత్రం అంతంతే. దిగుబడి తగ్గగానే ఇంకో బస్తా యూరియా వేసే అలవాటు ఎప్పుడో మానేశాననుకున్నా. బండి దగ్గరికి వచ్చేసరికి అదే పని చేశాను.

సంగతేందో మదనపల్లెలో ఒక ముసలి మెకానిక్ భాయ్ చెప్పాడు. "ఇంజను బలం ఎక్కడికీ పోలేదన్నా. చక్రం పెద్దదైంది, ఇరుసు నుంచి నేలకు దూరం పెరిగింది. తిప్పే బలం అంతే ఉంది." సైకిలుకు అవే పళ్లచక్రాలు ఉంచి, వెనక పెద్ద చక్రం బిగించి ఏటవాలు తొక్కితే ఎట్లుంటుందో అట్లన్నమాట.

కొలత కూడా ఆయనే నేర్పించాడు. ఇది వీడియోలో చూపించాను, మీరూ చేయొచ్చు. టైర్లో గాలి సరిగ్గా పెట్టి, బండిని చదునైన కళ్లం మీద నిలబెట్టి, టైరుకు, నేలకు కలిపి సుద్దతో గీత పెట్టాలి. చక్రం ఒక చుట్టు తిరిగేదాకా బండిని తోసి, దూరం కొలవాలి. పాత టైరు 224 సెంటీమీటర్లు, కొత్తది 247. అంటే ఒక్కో చుట్టుకు బండి పదో వంతు ఎక్కువ దూరం పోతోంది, లాగుడు నూటికి తొమ్మిది పాళ్లు తగ్గింది. మీటరు 40 చూపిస్తే నిజానికి 44లో పోతున్నట్టు.

తొమ్మిది పాళ్లేగా అనిపిస్తుంది. బండి అప్పటికే ఆ మిట్ట మీద తన శక్తంతా పెట్టి ఎక్కుతోంది. అట్లాంటప్పుడు ఆ తొమ్మిదే ఆపేస్తుంది.

దీనికి మందు ఇరుసులోనే ఉంది. గుండు లోపల చిన్న పినియన్, పెద్ద క్రౌన్ ఉంటాయి. భాయ్ విప్పి పళ్లు లెక్కపెడితే పినియన్‌కు 8, క్రౌన్‌కు 39. షాఫ్టు 4.88 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. దాన్ని 247తో గుణించి 224తో భాగిస్తే 5.38 వస్తుంది. 8 పళ్ల పినియన్‌కు 43 పళ్ల క్రౌన్ సెట్టు సరిగ్గా అదే. నాకు అదృష్టం కలిసొచ్చింది. మీ బండికి అంత సరిగ్గా కుదరకపోతే, దగ్గర్లో దొరికే సెట్టు చూసుకోవాలి.

ఇంకొకాయన "వెనక ఒక్కటే మార్చు, ముందుది తర్వాత చూద్దాం" అన్నాడు. ఫోర్ వీల్ బండికి అది చేయొద్దు. ముందు ఇరుసు ఒక లెక్కలో, వెనకది ఇంకో లెక్కలో తిరిగితే, ఫోర్ వీల్ వేసిన నిమిషం నుంచి ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. గట్టి నేల మీదైతే మధ్యలో గేర్లు పగులుతాయి. రెండూ మార్చాను, టైర్ల కన్నా ఎక్కువే ఖర్చయింది. క్రౌన్, పినియన్ జతగానే కొనండి, పాత సామాన్ల కొట్లో అయితే రెండింటి మీద జత నంబరు ఒకటేనా చూడండి. షిమ్ములు వేసి, డయల్ గేజితో సందు కొలిచి, పళ్లకు రంగు పూసి అచ్చు చూసే మెకానిక్‌కే ఇవ్వండి. చేత్తో ఊపి "సరిపోయింది" అనేవాళ్లకొద్దు. బిగించాక మొదటి 500 కిలోమీటర్లు లోడు వేయలేదు, తర్వాత గేర్ ఆయిల్ మార్పించాను.

సెట్లు వచ్చేదాకా ఒక్కో డ్రమ్మే వేసుకుని, మట్టి దారిలో ఫోర్ వీల్ "లో"లో పెట్టి, కిందినుంచే ఫస్ట్ గేరుతో ఎక్కాను. నిదానమే కానీ ఎక్కింది. డ్రమ్ము సగం నింపొద్దు, వాలులో నీళ్లు ఊగి బండిని పక్కకు తోస్తాయి. మీకు అట్లాంటి దారి అప్పుడప్పుడే ఉంటే ఇదే చాలు, గేర్ల జోలికి పోవద్దు. నన్నడిగితే, టైర్లు మార్చకముందు ఆ దారికి రెండు ట్రాక్టర్ల గులకరాళ్లు తోలించి ఉంటే ఈ ఖర్చులో సగానికి పని అయిపోయేది. ఆర్‌సీలో ఉన్నదానికి తేడా వచ్చే మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. ముందుగా ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర అడగండి.

ఇప్పుడు రెండు డ్రమ్ములతో సెకండ్ గేరులో ఎక్కుతోంది, మీటరు కూడా నిజం చెప్తోంది. పంపు మళ్లీ పాత లెక్కకు తెచ్చాం. గేర్లు మార్చినా బాగుపడనిది ఒకటుంది, బ్రేకు. అది చక్రం దగ్గరే పట్టుకుంటుంది కాబట్టి పెద్ద టైరుకు ఆ పట్టు తక్కువే. లైనింగులు కొత్తవి వేయించి, హ్యాండ్ బ్రేకు బిగించాను. మా బామ్మర్దికి మాత్రం నమ్మకం కుదర్లేదు. ఇప్పటికీ ఒళ్లో రాయి పెట్టుకునే బండెక్కుతాడు.